కట్టుబడి ముత్తాత జాడకు ఏది మేలు: సైన్యం కాగితాలా, ఇనాం రిజిస్టరా?

రాయలసీమలో చాలా ఇళ్లలో వినిపించే మాట: "మా పెద్దాయన కుంఫిణీ కొలువులో ఉండేవాడు." కుంఫిణీ అంటే ఈస్టిండియా కంపెనీ. ఆ కొలువులో రెండు రకాలున్నాయి. ఒకటి, మద్రాసు సైన్యంలో సిపాయి. రెండోది కట్టుబడి. పాలెగాడు, అంటే ఆ ప్రాంతపు దొర, ఇచ్చిన మాన్యం (కొలువుకు బదులిచ్చిన భూమి, దీన్నే ఇనాం అనీ అంటారు) అనుభవిస్తూ, పిలిచినప్పుడు కత్తి పట్టిన ఊరి బంటు అతను. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదిలేశాక, పాత మాన్యాల మీదే చాలామంది కావలి పనికి కుదురుకున్నారు. మీ వాడు ఎవరో తేల్చుకోకుండా వెతకడం మొదలుపెడితే ఏళ్లు గడిచిపోతాయి.

చాలామంది చూపు ముందు లండన్ మీదకే పోతుంది. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్న మాట నిజమే. కానీ అక్కడ పేరుపేరునా దొరికేది ఎక్కువగా తెల్ల సైనికుల సంగతే. మన సిపాయి కనబడినా ఉత్త 'వెంకటసామి' అని ఉంటే, ఇంటిపేరు లేకుండా ఏ వెంకటసామి అనుకోవాలి? పటాలం నంబరు తెలిసినా 1903లో అవీ మారాయి. 15వ మద్రాసు పటాలం 75వ కర్ణాటిక్ అయింది. ఇంట్లో పాత పతకం ఉంటే మాత్రం దాని అంచును భూతద్దంతో చూడండి. పేరు, హోదా, పటాలం అక్కడే చెక్కి ఉండొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్లకైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ మేలు. డబ్బు కట్టక్కర్లేదు, చాలా ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్లు అందులో దొరకరు.

కట్టుబడికి ఇవేవీ పనికిరావు. నా ఓటు ఇనాం ఫెయిర్ రిజిస్టరుకే. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఊరూరి మాన్యాలనూ విచారించి రాయించిన పుస్తకమది. ఒకే అడ్డవరసలో మాన్యం దేనికిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అన్నీ ఉంటాయి. రెండు మూడు తరాలు ఒక్కచోటే దొరుకుతాయన్నమాట! ఫసలీ సంవత్సరం (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి, క్రీస్తు శకం వస్తుంది. ఇనాం భూముల తగాదాలకు నేటికీ ఈ నకళ్లే అడుగుతారు కాబట్టి, ఊరి పేరు, సర్వే నంబరు చెబితే రెవెన్యూ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆడవాళ్ల పేర్లు మాత్రం అరుదు, ఆ లోటు నాకు బాధగానే ఉంటుంది. అమ్మమ్మల పేర్లకు ఇంట్లో పెద్దవాళ్లనే అడగాలి.

ఇంకో పెద్ద చిక్కుంది. కమిషన్ రాకముందే కంపెనీ కొందరి మాన్యాలు లాగేసుకుంది. ఆ కడుపుమంటతోనే ఎందరో కట్టుబడులు 1846లో కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. అలాంటివాళ్లు 1860ల నాటి రిజిస్టరులో మాన్యందార్లుగా కనబడకపోవచ్చు. పేరు లేదంటే కథ అబద్ధమని కొట్టిపారేయకండి, ఆ తిరుగుబాటు విచారణ కాగితాలు, కలెక్టరు ఉత్తరాలు చూడండి. ఆ తిరుగుబాటు జరిగిన కోయిలకుంట్ల తాలూకా 1858 దాకా కడప జిల్లాలోనే ఉండేది, తర్వాతే కర్నూలులో కలిసింది, ఇప్పుడు నంద్యాల జిల్లా. కాబట్టి అటువైపు వాళ్లు 1846 నాటి కాగితాల కోసం కర్నూలు దస్త్రాలు కాదు, కడప జిల్లా దస్త్రాలే అడగాలి.