పాత ఒళ్లా, కొత్త దేహమా?

ఈస్టర్ తెల్లవారుజామున గుంటూరు సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించేవాళ్లను కదిపితే, చనిపోయినవాళ్లు ఏ దేహంతో తిరిగి లేస్తారన్నదానిపై రెండు మాటలు వినిపిస్తాయి.

పాతిపెట్టిన ఈ ఒళ్లే లేస్తుందన్నది మొదటిది. ఆధారం బైబిల్లోని లూకా సువార్త 24వ అధ్యాయం: లేచిన యేసు శిష్యుల ముందే కాల్చిన చేప తిన్నాడు. శిష్యుడు తోమాకు చూపిన సిలువ గాయాలూ పాతవే. మూడో శతాబ్దం తొలినాళ్లలో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ గట్టిగా వాదించింది ఇదే. మరి దహనమైనవాళ్ల సంగతో? "దేవుడికి అసాధ్యమా అండీ?" అంటారు, అక్కడితో సరి.

రెండోది ఆత్మసంబంధ దేహం. బైబిల్లోని 1 కొరింథీ పత్రిక 15లో అపొస్తలుడు పౌలు గింజను చూపిస్తాడు: విత్తేది ఒకటి, మొలిచేది మరొకటి. రక్తమాంసాలకు దేవుని రాజ్యంలో వారసత్వం లేదనీ తేల్చేస్తాడు. తొలినాటి క్రైస్తవ పండితుడు ఓరిగెన్ మొగ్గు ఇటే.

నాకూ పౌలు మాటే నచ్చుతుంది. కానీ ఆ చేప ముక్క వదలదు. తలుపులు మూసున్న గదిలోకి వచ్చినవాడే దాన్ని తిన్నాడు మరి!