యూరప్ కోటల గ్రూప్ టూర్‌కి డబ్బు కట్టబోతున్నారా? లోపలికి టికెట్ ఉందో లేదో ముందు చూసుకోండి

జర్మనీ, ఆస్ట్రియా, చెక్ దేశాలు కలిపి "రాజకోటల యాత్ర" అంటూ బ్రోచర్లు వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతున్నాయి. తెలుగు మాట్లాడే టూర్ మేనేజర్, రెండు పూటలా మన భోజనం, పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు అని రాస్తారు. అడ్వాన్స్ కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. 2025 మే నెలలో మా ఇంటిల్లిపాదీ ఇలాంటి టూర్‌కే వెళ్లొచ్చాం. ఏజెన్సీ హైదరాబాద్‌దే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. మనిషికి మూడు లక్షల పైచిలుకు తీసుకున్నారు. బ్రోచర్‌లో ఏడు కోటలు రాశారు. మేం లోపల అడుగుపెట్టింది ఒక్కదాంట్లోనే.

బ్రోచర్ అట్ట మీద ఉండే తెల్ల కోట చూసే ఉంటారు. కొండ మీద, చుట్టూ అడవి, సన్నటి బురుజులు. అది జర్మనీలో బవేరియా ప్రాంతంలోని నాయ్‌ష్వాన్‌స్టైన్. బవేరియా రాజు రెండో లుడ్విగ్ 1869లో కట్టడం మొదలుపెట్టించి, అప్పుల్లో కూరుకుపోయి, 1886లో చనిపోయాడు. అప్పటికీ కోట పూర్తి కాలేదు. ఆయన పోయిన ఏడు వారాలకే టికెట్ పెట్టి జనాన్ని లోపలికి పంపడం మొదలైంది. అంటే 1886 నుంచీ టికెట్లు అమ్ముతున్న కోట అది. అలాంటి కోట కింద నిలబడి మా టూర్ మేనేజర్ "టికెట్లు అనుకోకుండా అయిపోయాయండీ" అన్నాడు.

అనుకోకుండా అయ్యేదేమీ లేదు. అక్కడి పద్ధతి తెలిస్తే మీకే అర్థమవుతుంది. నాయ్‌ష్వాన్‌స్టైన్ లోపలికి మనంతట మనం వెళ్లి తిరగడం కుదరదు. ప్రతి టికెట్ మీదా తేదీతో పాటు లోపలికి వెళ్లాల్సిన టైము ఉంటుంది. ఆ టైము దాటితే టికెట్ చెల్లదు. లోపల తిప్పి చూపించేది కోట తరఫు గైడే, అదీ ఓ అరగంట. సీజన్‌లో ఈ టైములు చాలా ముందుగానే నిండిపోతాయి. కాబట్టి గ్రూప్ మొత్తానికి టికెట్లు కావాలంటే ఏజెన్సీ ముందే డబ్బు కట్టి బుక్ చేసుకోవాలి. మన దగ్గర వీసాలు చివరి నిమిషం దాకా రావు. ఎంతమంది బయల్దేరతారో ఏజెన్సీకే తెలియదు. టికెట్లు కొని, ఇద్దరికి వీసా రాకపోతే ఆ డబ్బు పోతుంది. ఆ రిస్కు తీసుకోవడం ఇష్టం లేని ఏజెన్సీ అసలు కొనకుండానే బయల్దేరదీస్తుంది. బ్రోచర్‌లో మాత్రం కోట పేరు పెద్దక్షరాల్లోనే ఉంటుంది. మా ఇన్‌వాయిస్‌లో ఏ కోటకీ టికెట్ పద్దు లేదు. ఇదేమిటని బయల్దేరే ముందు ఫోన్ చేసి అడిగితే "అన్నీ ప్యాకేజీలో ఉన్నాయి సార్, మీరు టెన్షన్ పడకండి" అన్నారు. ఆ కాల్ తర్వాత అదే మాటని వాట్సాప్‌లో రాయించుకున్నాం. ఇప్పుడు ఫిర్యాదుకి పనికొస్తున్నది ఆ మెసేజే.

లోపల ఏముందో తెలిస్తే ఇంకా కడుపు మండుతుంది. సింహాసనం గది ఉంది కానీ అందులో సింహాసనం లేదు, అది తయారయ్యేలోపే రాజు పోయాడు. నేలంతా జంతువులు, మొక్కల మొజాయిక్. పై అంతస్తులో పాటగాళ్ల హాలు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అందుకే ఇంటర్నెట్‌లో మీరు చూసేవి ఎక్కువగా బయటి ఫొటోలే. మా వాళ్లవీ అవే. 2025 జులైలో లుడ్విగ్ కట్టించిన కోటలు యునెస్కో జాబితాలో చేరాయి, ఇక రద్దీ తగ్గుతుందని ఆశపడకండి.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇంకోటి గమనించాలి. బస్సు కొండ కింద హోహెన్‌ష్వాన్‌గావ్ ఊళ్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి కోటకి ఎక్కుడు దారిలో నడక ముప్పై, నలభై నిమిషాలు. గుర్రబ్బండ్లు, షటిల్ బస్సులు ఉన్నాయి. అవి కూడా గుమ్మం దాకా రావు, కొంత నడవాల్సిందే. లోపల మూడు వందలకు పైగా మెట్లు ఎక్కి దిగాలి. "పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు" అని రాసినవాళ్లు ఈ సంగతి చెప్పలేదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. గుర్రబ్బండి క్యూలో నిలబడి పైకి చేరేసరికి, కిందకి రమ్మని మేనేజర్ ఫోన్. మొత్తం మీద ఆ కోట దగ్గర మాకిచ్చింది గంటన్నర. నడకకే సరిపోని టైములో లోపలికి టికెట్ ఎలా ఇద్దామనుకున్నారో వాళ్లకే తెలియాలి.

టైము ఎందుకు చాలలేదో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది బ్రోచర్ చూడగానే పసిగట్టవచ్చు. మా కార్యక్రమంలో ఆ రోజు ఇలా ఉంది: పొద్దున హైడెల్‌బర్గ్‌లో బయల్దేరి, నాయ్‌ష్వాన్‌స్టైన్, తర్వాత లిండర్‌హోఫ్ కోట, రాత్రికి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్. హైడెల్‌బర్గ్ నుంచి ఆ కోటకే బస్సులో నాలుగు గంటలకి పైన పడుతుంది. అక్కడి నుంచి సాల్జ్‌బర్గ్ ఇంకో మూడున్నర, నాలుగు గంటలు. యూరప్‌లో బస్సు డ్రైవర్ రోజుకి 9 గంటలే నడపాలి, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్లొచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆపాలి. రాత్రికి మామూలుగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. ఇదంతా బండిలోని టాకోగ్రాఫ్‌లో రికార్డవుతుంది, పట్టుబడితే జరిమానా. మా బస్సులో కొందరు "ఇంకో గంట తోలితే ఏం పోయింది?" అని డ్రైవర్ మీద అరిచారు. పాపం అతని తప్పేం లేదు. ఆ రోజు కార్యక్రమాన్ని కాగితం మీద వేసినప్పుడే అది కుదరదని ఏజెన్సీకి తెలుసు. లిండర్‌హోఫ్ ఎగిరిపోయింది. లుడ్విగ్ బతికుండగా పూర్తయిన కోట అదొక్కటే, నేను ముఖ్యంగా చూడాలనుకున్నదీ అదే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రైన్ నది మీద పడవ ప్రయాణంలో మార్క్స్‌బుర్గ్ కోట అని రాశారు. రైన్ ఒడ్డున కొండ మీది కోటల్లో ఎప్పుడూ ధ్వంసం కానిది అదొక్కటే అని దానికి పేరు. మా పడవ సాంక్ట్ గోవార్‌లో ఎక్కించి బోపార్డ్‌లో దింపేసింది. మార్క్స్‌బుర్గ్ ఉండే బ్రౌబాక్ అక్కడి నుంచి ఇంకా పది కిలోమీటర్లు దిగువన ఉంది! లోపలికి వెళ్లడం దేవుడెరుగు, దూరం నుంచి కూడా కనపడలేదు. మేనేజర్ మాత్రం దారిలో వచ్చిన ఏదో కోటని చూపించి అదే మార్క్స్‌బుర్గ్ అన్నాడు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూపిస్తే నవ్వేశాడు.

హైడెల్‌బర్గ్ కోటలో తోట, అరుగు దాకా టికెట్ అక్కర్లేదు. అక్కడి దాకానే తీసుకెళ్లారు. రెండు లక్షల లీటర్లకు పైగా పట్టే 1751 నాటి పెద్ద వైన్ పీపా ఉండేది టికెట్ కొంటే వెళ్లే భాగంలో. ప్రాగ్ కోట ఆవరణలోకి ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు, టికెట్ కావాల్సింది సెయింట్ వీటస్ చర్చి, పాత రాజభవనం, గోల్డెన్ లేన్ లాంటివాటికి. బ్రోచర్‌లో "ప్రాగ్ కోట" అని రాసి, ఉచితంగా తిరగగలిగే ఆవరణ చూపించి, ఇదే ప్రాగ్ కోట అంటే ఎవరూ కాదనలేరు. అక్కడితో ఆగలేదు. బస్సులో మైకు పట్టుకుని, లోపల చూడాలనుకునేవాళ్లు తలా 40 యూరోలు ఇవ్వాలన్నారు, పిల్లలకీ అదే రేటు. కౌంటర్ దగ్గర బోర్డు చూస్తే పెద్దవాళ్ల టికెట్ అందులో సగం కూడా లేదు, పిల్లలకి ఇంకా తక్కువ. ఇవ్వనివాళ్లం బయట బెంచీల మీద కూర్చున్నాం. చెస్కీ క్రుమ్లోవ్ కోటకి తీసుకెళ్లింది సోమవారం. చెక్ దేశంలో చాలా కోటలకి సోమవారం సెలవు, అక్కడా లోపలి గదులు మూసే ఉన్నాయి. వెర్సాయ్ రాజభవనానికి కూడా సోమవారమే సెలవు, పారిస్ కలిపిన ప్యాకేజీ తీసుకునేవాళ్లు తేదీలు క్యాలెండర్‌తో సరిచూసుకోండి. సాల్జ్‌బర్గ్‌లో హోహెన్‌సాల్జ్‌బర్గ్ ఒక్కటే సవ్యంగా చూపించారు. 1077లో మొదలుపెట్టిన కోట, పైకి ఫ్యునిక్యులర్ (తాడుతో లాగే) రైలు, పై నుంచి ఊరంతా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. భోజనం కూడా బాగానే పెట్టారు, వంటాయన చేతి పప్పుచారుకి నేను వంక పెట్టను.

డబ్బు దగ్గర ఇంకో మెలిక ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెన్సీ మన దగ్గర టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) వసూలు చేస్తుంది. 2025 ఏప్రిల్‌లో మొదలైన ఆర్థిక సంవత్సరంలో అది 10 లక్షల వరకు 5 శాతం. ఈ రేటు బడ్జెట్లలో మారుతూ ఉంటుంది, మీరు కట్టేనాటికి ఎంతో చూసుకోండి. ఆ డబ్బు మన పాన్ మీద ప్రభుత్వానికి జమ కావాలి, రిటర్న్ వేసేటప్పుడు దాన్ని మనం పన్నులో సర్దుకోవచ్చు, లేదా రీఫండ్ తీసుకోవచ్చు. మా నలుగురి దగ్గరా వసూలు చేశారు. 26ఏఎస్ (మన పాన్ మీద జమైన పన్నుల పట్టిక) తెరిచి చూస్తే ఇద్దరి పేరు మీదే జమ అయింది. అడగ్గా అడగ్గా రెండు నెలలకి మిగతాది కట్టారు. కొంత మొత్తం నగదుగా ఇమ్మని, లేదా ఫలానా వ్యక్తి సొంత ఖాతాలో వేయమని అడిగితే అక్కడే ఆగిపోండి. జీఎస్టీ నంబరుతో ఇన్‌వాయిస్ ఇవ్వని ఏజెన్సీ తర్వాత దేనికీ జవాబు చెప్పదు.

వీసా ఫారం మీద సంతకం మీది. ఏజెన్సీ కాన్సులేట్‌కి పెట్టిన హోటల్ బుకింగులు అసలువో, వీసా రాగానే రద్దు చేసేవో అడగండి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. స్లాట్లు త్వరగా దొరుకుతాయని వేరే దేశం పేరు మీద పెట్టిస్తామంటే ఒప్పుకోవద్దు. వీసా ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. ప్యాకేజీ డబ్బులో ఎంత తిరిగిస్తారన్నది మాత్రం ఏజెన్సీ చేతిలోనే ఉంది, ఆ పేరా ఒప్పందంలో ఎక్కడుందో వెతికి చదవండి.

మరి ఏం అడగాలి? బ్రోచర్‌లో ఉన్న ప్రతి కోటకీ లోపలికి టికెట్ ఉందా, ఉంటే ఏ తేదీన ఏ టైముకి, అది బుక్ అయిందా లేదా. మిగతా డబ్బు కట్టే ముందు ఆ బుకింగ్ కాగితం అడగండి. "ఫొటో స్టాప్", "బయటి నుంచి" అని ఎక్కడైనా ఉంటే ఆ కోటని లెక్కలోంచి తీసేసి ప్యాకేజీ ధర మళ్లీ చూడండి. పిల్లలున్నవాళ్లకి ఒక సంగతి: నాయ్‌ష్వాన్‌స్టైన్‌లో 18 ఏళ్ల లోపు వాళ్లకి ప్రవేశ రుసుము లేదు, పెద్దవాళ్లకి కూడా పాతిక యూరోల లోపే. పిల్లల ప్యాకేజీలో కోట టికెట్లకని ఎంత కలిపారో అడిగితే అవతలివాళ్లు తడుముకోవడం మీరే చూస్తారు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఏజెన్సీ ఆఫీసు ఎక్కడున్నా సరే. వినియోగదారుల కేసులు తీసుకునే ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, ఆపైన కూడా వందల్లోనే. గడువు రెండేళ్లు. బ్రోచర్ పీడీఎఫ్, రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, బస్సులో యూరోలు వసూలు చేసినప్పటి వీడియో ఉంటే అదీ దాచుకోండి.

మా ఏజెన్సీ మాత్రం మనిషికి పది వేల కూపన్ ఇస్తానంది, వాళ్లతోనే మళ్లీ విదేశీ టూర్‌కి వెళ్తే వాడుకోవచ్చట. బస్సులో ఉన్నవాళ్లలో కొందరు తీసుకున్నారు. మేం, విజయవాడ నుంచి వచ్చిన ఇంకో రెండు కుటుంబాలు తీసుకోలేదు. కమిషన్‌లో కాగితాలు పెట్టాం, వాళ్ల జవాబు ఇంకా రాలేదు.