జేఎన్‌యూనా, సైసా?

2016లో ఆర్కే బీచ్‌లో ఫ్లీట్ రివ్యూకి వచ్చిన విదేశీ యుద్ధనౌకల్ని చూసినప్పటి నుంచీ మా తమ్ముడికి అంతర్జాతీయ వ్యవహారాల పిచ్చి. ఇప్పుడు పీజీ ఎక్కడన్నదే ఇంట్లో గొడవ.

ఢిల్లీ జేఎన్‌యూ అయితే సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాసి, సీటొస్తే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేయడమే. ఫీజు ఎంత తక్కువంటే అమ్మ పంపే ఆవకాయ కొరియర్‌కే ఎక్కువవుతుందేమో! అక్కడ ఈ సబ్జెక్టు చెప్పే స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో విడి సంస్థగా పుట్టి, 1970లో జేఎన్‌యూలో కలిసింది, అంటే కొత్త దుకాణం కాదు.

సైస్ అంటే వాషింగ్టన్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ల అంతర్జాతీయ వ్యవహారాల స్కూల్. కోర్సు రెండేళ్లు, ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 50 వేల డాలర్ల పైమాట. నాన్న కరెంటు బిల్లు వెనక లెక్క వేశారు, సున్నాలు మళ్లీ లెక్కపెట్టుకున్నారు, ఏమీ అనకుండా టీ తాగేశారు. సైస్‌లో ఎకనామిక్స్ గట్టిగా చెబుతారు, వరల్డ్ బ్యాంక్, ఐఎంఎఫ్ అదే ఊళ్లో ఉన్నాయి, కాదనను. కానీ అమెరికా దౌత్యవేత్త అవ్వాలంటే ఆ దేశ పౌరుడై ఉండాలి, మన విదేశాంగ సర్వీసు ఐఎఫ్ఎస్‌కేమో యూపీఎస్సీ రాయాలి, దానికి ఏ డిగ్రీ అయినా చాలు.

స్కాలర్‌షిప్ సగమైనా రాకపోతే నా ఓటు ఢిల్లీకే. వాడు మాత్రం నిన్న పాస్‌పోర్ట్ ఫోటోలు దిగొచ్చాడు.