కోడింగ్ మొదలుపెట్టేవాళ్లకి సీ మేలా, పైథాన్ మేలా?

ఎంసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, అందరూ నన్ను అడిగేది ఒకటే: "మావాడికి సీఎస్‌ఈ వచ్చేలా ఉంది సార్. కాలేజీ తెరిచేలోపు సీ నేర్పించమంటారా, పైథాన్ నేర్పించమంటారా?" ఉద్యోగం చేస్తున్న బంధువు ఒకటి చెబుతాడు, సీనియర్ ఇంకోటి చెబుతాడు, మధ్యలో పిల్లలకి టెన్షన్. ప్రోగ్రామింగ్ అంటే బొత్తిగా తెలియనివాళ్లకి ఏళ్లుగా ఈ రెండూ నేర్పుతున్నాను కాబట్టి నా లెక్క ఏమిటో వివరంగా చెబుతాను.

సీ వైపు వాదించేవాళ్ల మాట తీసిపారేసేది కాదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన ఈ భాష మీదే ఇవాళ్టికీ లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగం) నడుస్తోంది. మనం డౌన్‌లోడ్ చేసుకునే పైథాన్ కూడా సీలో రాసిందే. జేఎన్‌టీయూ పరిధిలోని చాలా కాలేజీల్లో మొదటి సంవత్సరంలో వచ్చేది సీయే. గేట్ సీఎస్ సిలబస్‌లోనూ అదే ఉంది.

పైథాన్ వైపు బలం వేరు. 1991లో దీన్ని విడుదల చేసిన గైడో వాన్ రోసమ్ అంతకుముందు ఏబీసీ అనే భాష మీద పనిచేశాడు. అది కొత్తవాళ్లకి నేర్పడానికని తయారైన భాష. ఆ పోలికలు పైథాన్‌కి వచ్చాయి. సీబీఎస్‌ఈ కూడా 11, 12 తరగతుల్లో సీ ప్లస్ ప్లస్ తీసేసి పైథాన్ పెట్టింది. అందుకే ఆ స్కూళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఇది ముందే పరిచయం. మన ఇంటర్ ఎంపీసీ పిల్లలకి మాత్రం అంతా కొత్తే.

"పైథాన్ సులువు, పది లైన్ల పని మూడు లైన్లలో అయిపోతుంది" అంటారు చాలామంది. నా దృష్టిలో అసలు సంగతి లైన్ల లెక్క కాదు. కొత్తవాళ్లు రాసేదాంట్లో సగం తప్పులే ఉంటాయి, ఉండాలి కూడా. ఆ తప్పు జరిగినప్పుడు భాష ఏం చెబుతుంది? నేను ముందు చూసేది ఇదే. ల్యాబ్‌లో ముప్ఫైమందికి ఒక సార్ ఉంటారు. రాత్రి హాస్టల్‌లో ఆయన కూడా ఉండరు, పిల్లవాడి ఎదురుగా స్క్రీన్ ఒక్కటే ఉంటుంది.

ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ (1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నీ గుణించేది) తీసుకోండి. ల్యాబ్ రికార్డులో అందరూ రాసేదే. టర్బో సీ అనే పాత కంపైలర్‌లో (రాసిన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) ఇంట్ అనే పూర్ణాంకాల టైపు పెట్టి రాసి 7 ఇస్తే 5040 వస్తుంది. 8 ఇస్తే మైనస్ 25216. పిల్లవాడు లూప్‌లో ఏదో తప్పుందనుకుని అదే పనిగా దాన్నే మారుస్తుంటాడు. లూప్ శుభ్రంగానే ఉంది. అక్కడ ఇంట్‌కి ఉన్నది 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. కొత్త కంపైలర్లలో 32 బిట్లు కాబట్టి 12 దాకా సరిగ్గా వస్తుంది. 13 దగ్గర 6227020800 రావాల్సింది పోయి 1932053504 వస్తుంది. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే మైనస్ కూడా లేదు, చూడ్డానికి సరైన జవాబులాగే ఉంటుంది. రెండుచోట్లా కంపైలర్ ఒక్క మాట అనదు.

కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ముందు & పెట్టడం మర్చిపోయినా అంతే. వార్నింగులు ఆన్ చేసుకోకపోతే చాలాసార్లు కంపైల్ అయిపోతుంది, రన్ చేస్తే 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని ఆగిపోతుంది. ఎక్కడో చెప్పదు, ఎందుకో చెప్పదు. అర్రే అంటే విలువలు వరుసగా పెట్టుకునే గళ్లు; ఐదు గళ్ల అర్రేలో ఆరో గడిలో రాసినా చాలాసార్లు నోరు మెదపదు. పక్క వేరియబుల్ విలువ చెడిపోయి, దాని ఫలితం ఇంకెక్కడో బయటపడుతుంది.

అదే పైథాన్‌లో లిస్ట్ (అర్రేలాంటిదే) హద్దు దాటితే, దాటావని చెప్పి లైన్ నంబర్ చూపిస్తుంది. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి ఇది ఇంకా మెరుగైంది. బ్రాకెట్ మూయకపోతే 'తెరిచిన ఈ బ్రాకెట్ మూయలేదు' అంటుంది. ప్రింట్ స్పెల్లింగ్ తప్పితే 'ప్రింట్ అనబోయారా?' అని అడుగుతుంది. ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒక్కటే పెడితే అదీ పట్టుకుంటుంది. సీ అయితే దాన్ని అసైన్‌మెంట్ (వేరియబుల్‌కి విలువ ఇవ్వడం) అనుకుని ముందుకెళ్లిపోతుంది.

పైథాన్ అన్నీ పట్టేస్తుందని కాదు. ఇన్‌పుట్‌తో తీసుకున్న 5, 3 కలిపితే 8 రాదు, 53 వస్తుంది. తీసుకున్నవి అంకెలు కావు, స్ట్రింగులు, అంటే ఉత్త అక్షరాలు. ఎర్రరూ రాదు. ఇంకోటి: 'మొత్తం' అనే వేరియబుల్‌కి విలువ ఇస్తూ స్పెల్లింగ్ తప్పు కొడితే, గప్‌చుప్‌గా కొత్త వేరియబుల్ పుట్టుకొస్తుంది. సీలో ముందే డిక్లేర్ చేయాలి కాబట్టి ఆ తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. ఈ ఒక్క విషయంలో సీయే నయం.

"కష్టపడితేనే బుర్రకెక్కుతుంది, అందుకే సీతో మొదలెట్టాలి" అనేవాళ్లున్నారు. పక్కన కూర్చుని చెప్పేవాళ్లుంటే ఆ మాట నిజం. లేనప్పుడు మాత్రం నేను చూసేది వేరు. తప్పెక్కడుందో తెలియక విసిగిపోయి, పిల్లలు ప్రోగ్రాములు బట్టీ పడతారు. ప్రైమ్ నంబర్ ప్రోగ్రామ్ చూడకుండా రాసేస్తారు. అదే ప్రోగ్రామ్‌ని 'మొదటి పది ప్రైమ్ నంబర్లు' అని కాస్త మార్చి అడిగితే పెన్ను కదలదు. ఎక్స్‌టర్నల్స్‌లో మార్కులు వస్తాయి, ప్రోగ్రామింగ్ మాత్రం రాదు. తెలివైన పిల్లలు ఇలా మొదటి సెమిస్టర్‌లోనే "నాకు కోడింగ్ పడదు" అని తీర్మానించుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అయినా సీని వదిలేయమని ఎవరికీ చెప్పను. పైథాన్‌లో ఒక లిస్ట్‌ని ఇంకో పేరుకి ఇచ్చి, ఒకదాన్ని మారిస్తే రెండోదీ మారినట్టు కనిపిస్తుంది. పైథాన్ ఒక్కటే తెలిసినవాడు అక్కడ తికమకపడతాడు. సీలో పాయింటర్లు (మెమరీలో ఒక చోటుని చూపించే వేరియబుళ్లు) నేర్చుకున్నవాడికి రెండు పేర్లూ ఒకే చోటుని చూపిస్తున్నాయని వెంటనే అర్థమవుతుంది. మెమరీ అంటే ఏమిటో సీ చెప్పినంత బాగా పైథాన్ చెప్పదు. కాబట్టి ముందు పైథాన్, వెంటనే సీ.

జావా మొదటి భాషగా వద్దంటాను, క్లాసులూ ఆబ్జెక్టులూ తర్వాత చూసుకోవచ్చు. 'పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్' లేకుండా చిన్న ప్రోగ్రాములు రాసే వీలు 2025లో వచ్చిన జావా 25లో ఇచ్చారు, మంచిదే. వెబ్‌సైట్ల మీదే మనసున్నవాళ్లకి జావాస్క్రిప్ట్ ఫర్వాలేదు. ఆరో ఏడో తరగతి పిల్లలకైతే బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు చేసే స్క్రాచ్ చాలు.

ల్యాప్‌టాప్ ఇంకా కొనలేదని ఆగక్కర్లేదు. ఫోన్‌లోనే పైథాన్ నడిపే యాప్‌లున్నాయి, బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కోలాబ్ ఉంది. నెలన్నర టైమ్ ఉంటే లూపులు, ఫంక్షన్లు, లిస్టుల దాకా పైథాన్‌లో చేయించండి. ఆ తర్వాత అవే లెక్కలు మళ్లీ సీలో రాయించండి. లాజిక్ అప్పటికే వచ్చి ఉంటుంది కాబట్టి సెమీకోలన్లు, టైపులు, పాయింటర్ల మీదే దృష్టి పెట్టొచ్చు. కాలేజీ తెరవడానికి రెండు వారాలే ఉంటే మాత్రం నేరుగా సీలోకి దిగండి. ఇంట్లో ప్రాక్టీస్‌కి టర్బో సీ వద్దు, జీసీసీ అనే కంపైలర్ వేసుకుని వార్నింగులన్నీ ఆన్ చేసుకోండి. & మర్చిపోతే అప్పుడు అదే చెబుతుంది.