మొదటి క్యాంపెయిన్‌కు ఏది మేలు: అచ్చయిన కథా, సొంత లోకమా?

బల్ల చుట్టూ కూర్చుని, డైస్ (పాచికలు) వేస్తూ, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆటలను రోల్‌ప్లేయింగ్ గేమ్‌లంటారు. అందులో కథ నడిపించేవాడు గేమ్ మాస్టర్, చాలా సెషన్లు సాగే కథ క్యాంపెయిన్. గేమ్ మాస్టర్‌గా కూర్చోవాలనుకోగానే చాలామందికి సొంత లోకం కట్టాలనిపిస్తుంది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఆ కోరిక మరీ బలంగా ఉంటుంది. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. కోట నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందని చిన్నప్పటి నుంచీ వింటాం. 1687లో ఎనిమిది నెలల ముట్టడికి లొంగని గోల్కొండ, లోపలివాడే తలుపు తీయడంతో పడిపోయింది. ఇంత సరుకు మన దగ్గరుండగా ఎవరో రాసిన కథ ఎందుకని అడుగుతారు. అయినా మొదటిసారికి అచ్చయిన కథే మేలంటాను.

సొంత లోకం మొదలుపెడితే శ్రమంతా ఎటు పోతుందో చూడండి. మ్యాపు, రాజవంశాలు, దేవుళ్లు, వందేళ్ల కిందటి యుద్ధం. తీరా ఆదివారం మధ్యాహ్నం నలుగురూ కూర్చున్నాక ఒకరు, “ఈ సరాయి నడిపేది ఎవరు? రాత్రికి ఎంత తీసుకుంటాడు?” అంటారు. ఇంకొకరు దీపం ఎత్తుకుపోతానంటారు. రాజవంశాల చరిత్ర అక్కడ పనికిరాదు. ఎవరికి ఏం కావాలి, ఆటగాళ్లు పట్టించుకోకపోతే ఏం జరుగుతుంది, కత్తి దూస్తే ఎదుటివాడి బలాన్ని చెప్పే అంకెలేమిటి అన్నవి చేతిలో ఉండాలి. కొత్తవాళ్ల కోసం రాసిన మంచి స్టార్టర్ కథ ఇచ్చేది ఇదే.

ఇలాంటి ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 స్టార్టర్ సెట్‌నే తీసుకుందాం. 64 పేజీల కథ, 32 పేజీల నియమాలు, సిద్ధంగా ఐదు పాత్రలు, డైస్. కథ పేరు లాస్ట్ మైన్ ఆఫ్ ఫాన్‌డెల్వర్, అంటే పోయిన గని కథ. సరుకు బండితో వెళ్తుంటే దారిలో రెండు గుర్రాలు చచ్చిపడి ఉంటాయి, ఒంటినిండా నల్ల ఈకల బాణాలు. పొదల్లో నలుగురు గాబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు. ఈ ఒక్క సన్నివేశంలోనే ఇనిషియేటివ్ (పోరులో ఎవరి వంతు ముందన్నది), దాక్కోవడం, దాడి, గాయం అన్నీ నేర్చుకుంటారు, మీరూ ఆటగాళ్లూ కలిసే. ఒక్క జాగ్రత్త: గాబ్లిన్ దెబ్బకు సగటున 5 ప్రాణ పాయింట్లు పోతాయి, మొదటి లెవెల్ విజార్డ్‌కు (మాంత్రికుడికి) ఉండేవి ఏడో ఎనిమిదో. రెండు దెబ్బలు తగిలితే కింద పడతాడు. కాబట్టి నలుగురినీ ఒకేసారి దించకండి. ఇద్దరు బాణాలు వేస్తుంటే మిగతా ఇద్దరిని తర్వాత రానివ్వండి. ఇలా సర్దడం చేతికొచ్చాకే సొంత లోకంలో సొంత శత్రువులను తూకం వేయగలుగుతారు.

అచ్చు కథ ఓడిపోయేది మాట దగ్గర. ఆ సరుకు బండి యజమాని గండ్రెన్ రాక్‌సీకర్ అన్న పేరు రెండో సెషన్‌కు ఎవరికీ గుర్తుండదు. పేజీ చూసి చదువుతుంటే మన గొంతు కూడా బిగుసుకుపోతుంది. అదే చోటు తెలిసినదైతే, “అన్నా, ఈ దారిన బండ్లు ఎప్పుడు పోయినయ్?” అని ఆటగాడే పాత్రలోకి దిగిపోతాడు. ఆ మాట విన్నప్పుడు కలిగే ఆనందం కోసమే ఈ ఆట నడపాలనిపిస్తుంది నాకు.

అందుకని ఎముకలు పుస్తకానివి ఉంచి, ఊళ్లు మనవి పెట్టండి. పోయిన గని కథకు మనకు కొల్లూరు ఉంది. కృష్ణ ఒడ్డున గోల్కొండ సుల్తానుల వజ్రాల గని. అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఇప్పుడా ఊరు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. బండిని మచిలీపట్నం రేవు నుంచి బయలుదేరదీయండి, బండి యజమానిని వీరన్న శెట్టి అనండి, గుర్రాల చోట ఎడ్లను పెట్టండి. గాబ్లిన్లను బందిపోట్లుగా మార్చాలనుకుంటే పేరు మాత్రమే మార్చి అంకెలు అవే ఉంచండి. నియమాల్లోని బందిపోటుకు కవచం (దెబ్బ తగలాలంటే డైస్‌తో అందుకోవాల్సిన అంకె) 12, గాబ్లిన్‌కు 15. పైగా గాబ్లిన్‌లా కొట్టి చటుక్కున దాక్కోవడం వాడికి రాదు. అంకెలు కూడా మార్చితే పోరాటం తీరే మారిపోతుంది.

ఖర్చు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితం. కథ కొనే డబ్బు లేకపోతే ఒక ఊరు, ఒక దొంగల గుంపు, ఒక గుహతో వన్-షాట్ (ఒక్క సెషన్‌లో ముగిసే కథ) రాసుకోండి, అంతకుమించి వద్దు.

ఏ దారి పట్టినా సెషన్ జీరో, అంటే ఆట మొదలయ్యేముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సమావేశం, మానకండి. భయం ఎంతవరకు, హింస ఎంతవరకు, ఒకరి పాత్ర చస్తే ఏం చేయాలన్నది అందరూ ముందే మాట్లాడుకోవాలి. మియాపూర్ నుంచి ఒకరు, నాగోల్ నుంచి ఒకరు వస్తారు కాబట్టి ఆట ఎన్నింటికి ఆపాలో కూడా ఆ రోజే తేల్చుకోండి. చివరి మెట్రోకు గంట ముందు పోరాటం మొదలుపెట్టొద్దు.