బహ్తినోవ్ మాస్కా, మోటారు ఫోకసరా: టెలిస్కోప్ ఫోటోలకు ఏది మేలు?

టెలిస్కోప్ ఫోకస్ కుదర్చడానికి రెండు దారులు: మూతికి తొడిగే గాట్ల అట్ట బహ్తినోవ్ మాస్క్, ఫోకస్ మరను తనే తిప్పే మోటారు ఫోకసర్. చలికాలం మొదలైందంటే నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఒకటే: "మాస్క్‌తో ఫోకస్ బాగానే కుదురుతోంది కదా, మోటారుకు డబ్బు పెట్టడం అవసరమా?" మిగతా సగం మోటారు కొనేసినవాళ్లవి: "ఇది మాస్క్ కంటే అధ్వానంగా ఉంది, తిరిగి ఇచ్చేయమంటారా?" నేను మూడేళ్లు మాస్క్‌తో నెట్టుకొచ్చి, పోయిన కార్తికంలో మోటారు బిగించుకున్నాను. రెండు పక్షాల కష్టాలూ పడ్డవాడిని కాబట్టి ఒక్కసారి వివరంగా రాసేస్తే నాకూ విశ్రాంతి.

మాస్క్ గురించి చెడు చెప్పడానికి నాకు నోరు రాదు. పావెల్ బహ్తినోవ్ అనే రష్యన్ ఔత్సాహికుడు 2005లో దీన్ని లోకానికి ఇచ్చాడు. నల్ల అట్టముక్క, పదునైన బ్లేడు, ఖాళీ మధ్యాహ్నం ఒకటి ఉంటే ఇంట్లోనే కోసుకోవచ్చు. నా మొదటి మాస్క్ ఎవరిదో శుభలేఖ అట్టతో చేసినదే. టెలిస్కోప్ మూతికి దాన్ని తొడిగి రోహిణి లాంటి కాంతిగల చుక్క వైపు తిప్పితే, తెర మీద ఇంటూ గుర్తు ఆకారంలో రెండు గీతలు, వాటి మధ్య నుంచి మూడో గీత కనిపిస్తాయి. ఫోకసర్ మరను వెంట్రుకవాసి కదిపితే మధ్య గీత ఒక పక్కకు జరుగుతుంది. అది సరిగ్గా నడిమధ్యకు వచ్చిందా, పని అయిపోయింది. కంటికి ఇంత సూటిగా సమాధానం చెప్పే ఉపాయం ఈ అభిరుచిలో ఇంకొకటి లేదు. మీటరు లేదు, కేబుల్ లేదు, చార్జింగ్ గొడవ లేదు.

కచ్చితత్వంలో ఏది గెలుస్తుందని అడిగితే, నా అనుభవంలో తేడా చెప్పుకోదగ్గది కాదు. మాస్క్‌తో జాగ్రత్తగా పెట్టిన ఫోకస్‌కూ మోటారు వెతికిన ఫోకస్‌కూ మధ్య దూరాన్ని ఫోటోలో పట్టుకోవడం నా వల్ల కాలేదు. అందుకే "ఏది ఎక్కువ కచ్చితం" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాళ్లు అసలు సంగతి వదిలేస్తున్నారని నా అభిప్రాయం. రాత్రి తొమ్మిదికి ఫోకస్ పెట్టడం ఎవరికైనా వస్తుంది. అది మూడింటికి కూడా అలాగే ఉంటుందా అన్నది చూడాలి.

వికారాబాద్ దాటాక ఒక స్నేహితుడి మామిడితోటలో జరిగిన సంగతి చెబుతాను. డిసెంబరు నెల. నాది 80 మిల్లీమీటర్ల లెన్స్ టెలిస్కోప్, ఫోకల్ పొడవు 480 మిల్లీమీటర్లు; రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే ఎఫ్ సంఖ్య 6, అంటే ఎఫ్/6. తొమ్మిదింటికి 22 డిగ్రీలు ఉంది. రోహిణి మీద మాస్క్‌తో ఫోకస్ చేసి, గుర్రపుతల నిహారిక వైపు తిప్పి, కార్లో నడుం వాల్చాను. మూడింటికి లేచేసరికి 14 డిగ్రీలు. గొట్టం మీద చెయ్యి పెడితే ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబులా ఉంది.

మర్నాడు ఫ్రేములన్నీ కంప్యూటర్లో వేసి కొలిచాను. కొలత హెచ్‌ఎఫ్‌ఆర్: ఒక చుక్క వెలుగులో సగం ఎంత వ్యాసార్ధంలో ఇమిడిందో చెప్పే అంకె. తక్కువైతే చుక్క సూదిమొనలా ఉన్నట్టు. తొమ్మిదింటి ఫ్రేములో 1.6 పిక్సెళ్లు. పదకొండున్నరకు 1.8. ఒంటిగంటకు 2.2. మూడింటికి 2.7. తోటలో గాలి లేదు, మబ్బు లేదు, ట్రాకింగ్ (చుక్కల వెంట టెలిస్కోప్ కదలడం) తప్పలేదు. అర్ధరాత్రి దాటాక తీసినవన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది.

లెక్క చూస్తే ఆశ్చర్యం ఉండదు. చుక్క మసకబారకుండా ఫోకస్ ఎంత అటూ ఇటూ జరగవచ్చో, ఆ వెసులుబాటును 4.88 × తరంగదైర్ఘ్యం × ఎఫ్ సంఖ్య వర్గం అనే సూత్రంతో అంచనా వేస్తారు. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే ఎఫ్/6 దగ్గర మొత్తం 97 మైక్రాన్లు, అంటే అటు 48, ఇటు 48. అల్యూమినియం డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు కుంచించుకుపోతుంది కాబట్టి నా గొట్టం డిగ్రీకి 11 మైక్రాన్లు తగ్గుతుంది. ఎనిమిది డిగ్రీలకు 88. లెన్స్ గాజు కూడా చలికి తన వంతు మారుతుంది. గాజు రకాన్ని బట్టి అది గొట్టం మార్పును కొంత కొట్టివేయవచ్చు, దాన్ని మించిపోనూ వచ్చు. ఎఫ్/4 వాడేవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు: వాళ్లకు మొత్తం వెసులుబాటే 43 మైక్రాన్లు. ఈ బాధ హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌కు కూడా తప్పలేదు. భూమి చుట్టూ తిరిగే ప్రతి చుట్టులోనూ ఎండలోకీ నీడలోకీ వెళ్లివచ్చేసరికి దాని ఫోకస్ కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. ఇంజినీర్లు దాన్ని "ఊపిరి పీల్చడం" అంటారు. అంతరిక్షంలో ఉన్నదానికే అలా ఉంటే మన తోటలో గొట్టం ఏ పాటి?

"గంటకోసారి లేచి మాస్క్ పెట్టుకుంటే పోదా?" అంటారు. పెట్టాను, ఒక నెల. టెలిస్కోప్‌ను నిహారిక నుంచి కాంతిగల చుక్క మీదికి తిప్పాలి, మాస్క్ తొడగాలి, మర తాకినప్పుడల్లా వణికే చిత్రం నిలకడపడేదాకా ఊపిరి బిగబట్టాలి, మాస్క్ తీయాలి, మళ్లీ వెనక్కి తిప్పి నిహారికను పాత చోటనే నిలబెట్టాలి, గైడింగ్ (ఒక చుక్కను గమనిస్తూ టెలిస్కోప్ కదలికను సరిదిద్దడం) మొదలుపెట్టాలి. మంచు పడే రాత్రి ఇదంతా పది, పదిహేను నిమిషాల తతంగం. ఒకసారి మాస్క్ తీయడం మరచి నలభై నిమిషాలు ఫోటోలు తీశాను; ప్రతి చుక్కకూ ఆరేసి మీసాలు. ఇది నా ఒక్కడికే జరిగిందని ఎవరైనా అంటే నమ్మను.

ఇక మోటారు సంగతి. ఫోకసర్ మరకు చిన్న స్టెప్పర్ మోటారు, అంటే చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటారు, బిగిస్తారు. నీనా, ఈకోస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని కొంత దూరం వెలుపలికి తీసి, అడుగడుగూ లోపలికి తెస్తూ, అడుగుకో చిన్న ఫోటో తీసి, అందులోని చుక్కలన్నిటి హెచ్‌ఎఫ్‌ఆర్ కొలుస్తుంది. గ్రాఫ్ గీస్తే ఆంగ్ల అక్షరం వీలా వస్తుంది. ఈ పద్ధతిని ల్యారీ వెబర్, స్టీవ్ బ్రేడీ అనే ఇద్దరు 2000ల తొలినాళ్లలో గట్టిగా నిలబెట్టారు. ఇందులోని తెలివి ఏమిటంటే, అసలు ఫోకస్ దగ్గరి కొలతల మీద అది ఎక్కువ ఆధారపడదు. అక్కడ గాలి కదలిక వల్ల అంకెలు ఊగిసలాడతాయి, వీ అడుగుభాగం కూడా చదునుగా ఉంటుంది. దూరంగా ఉన్న రెండు చేతులు మాత్రం నిటారుగా, నమ్మకంగా ఉంటాయి. వాటి గుండా హైపర్బోలా అనే వంపు గీత గీస్తే కనిష్ఠ బిందువు తనంతట తానే బయటపడుతుంది, అక్కడ కొలత తీయకపోయినా సరే. మొత్తం రెండు మూడు నిమిషాల పని. నిహారిక వైపు నుంచి తిప్పనక్కరలేదు, మిమ్మల్ని నిద్ర లేపదు.

మరి "మాస్క్ కంటే అధ్వానం" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. వాళ్లలో చాలామంది పంపిన గ్రాఫులు చూశాను, నాది కూడా మొదటి వారం అలాగే ఉండేది. తొమ్మిది అడుగుల అంకెలు ఇవి: 5.4, 5.4, 5.3, 4.2, 3.0, 2.1, 1.6, 2.0, 3.1. మొదటి మూడు అంకెలు చూడండి. మోటారు రెండు అడుగులు తిరిగింది, చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది. పళ్లచక్రాల మధ్య ఉన్న వదులును ఆ రెండు అడుగులూ మింగేశాయి. పాత సైకిల్ తొక్కినవాళ్లకు ఇది కొత్త కాదు: పెడల్ తిరుగుతుంది, గొలుసు బిగిసేదాకా చక్రం కదలదు.

నష్టం గ్రాఫ్ వంకరపోవడంతో ఆగదు. లోపలికి నడుస్తూ కొలిచిన సాఫ్ట్‌వేర్, సరైన చోటు కనిపెట్టాక అక్కడికి చేరాలంటే మళ్లీ వెలుపలికి తిరగాలి. దిశ మారింది కాబట్టి వదులు ఇంకోసారి మింగుతుంది. తెర మీద సంఖ్య సరిగ్గా ఉంటుంది, గొట్టం మాత్రం రెండడుగులు వెనకే ఉండిపోతుంది. చుక్కలు ఉబ్బుతాయి, తిట్లు మోటారుకు పడతాయి.

మందు సులువే. సాఫ్ట్‌వేర్‌లో వదులు సవరణను దాటించి వెనక్కి తెచ్చే పద్ధతిలో పెట్టండి. అంటే ఎక్కడికి వెళ్లాలన్నా చివరి కదలిక ఎప్పుడూ ఒకే దిశలో ఉండేలా చూస్తుంది. ఆ దిశ కెమెరా బరువును పైకి లాగేదైతే మంచిది. బరువే పళ్లను ఒకవైపు ఆనించి ఉంచుతుంది. సవరణ విలువ నా దగ్గర వదులుకు రెట్టింపు పెట్టాను. ఎక్కువైతే కాస్త సమయం పోతుంది, తక్కువైతే రాత్రంతా పోతుంది. ఇంకొక్కటి: అడుగు మరీ చిన్నదిగా పెట్టకండి. చివరి అంకె కనిష్ఠానికి మూడు, నాలుగు రెట్లు ఉండాలి. అడుగు చిన్నదైతే వీ బదులు పళ్లెం వస్తుంది, ఆ పళ్లెంలో అట్టడుగు ఎక్కడో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.

ఇదంతా చేశాక అదే తోటలో మళ్లీ కూర్చున్నాను. ఉష్ణోగ్రత డిగ్రీన్నర మారినా, హెచ్‌ఎఫ్‌ఆర్ పది శాతం పెరిగినా, ఫిల్టర్ మారినా తనే ఫోకస్ చూసుకోమని చెప్పాను. రాత్రంతా అంకె 1.6కీ 1.8కీ మధ్యే తిరిగింది. ఫిల్టర్లు వాడేవాళ్లకు ఈ చివరి సదుపాయం ఒక్కటే మోటారు ఖరీదుకు సరిపోతుంది. హైడ్రోజన్ వెలుగును మాత్రమే పోనిచ్చే ఫిల్టర్ వేసుకుని, ఆ మసక చిత్రంలో మాస్క్ గీతలు వెతికినవాళ్లకు నా మాట వెంటనే అర్థమవుతుంది.

మోటారుకు లోపాలు లేవని కాదు. కొలుస్తున్న రెండు నిమిషాల్లో పల్చటి మబ్బు పోతే వీ ఒక చెయ్యి విరుగుతుంది. అలాంటప్పుడు పాత చోటుకే తిరిగి వెళ్లమని ముందే చెప్పి ఉంచాలి. కేబుల్ ఊడితే అంతా ఆగిపోతుంది. అందుకే శుభలేఖ మాస్క్ ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. కొత్తగా ఏది బిగించినా మొదట దానితో ఒకసారి సరిచూస్తాను. మోటారు చెప్పిన చోట మధ్య గీత నడిమధ్యన లేకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ వదులుదే.

ఉష్ణోగ్రతను బట్టి కొలత లేకుండానే మోటారును జరిపే పద్ధతి ఒకటుంది. డిగ్రీకి ఇన్ని అడుగులు అని ముందే నేర్పుతారు. చాలా సెట్లలో థర్మామీటర్ గాలినో మోటారు డబ్బానో కొలుస్తుంది, గాజు దానికంటే ఆలస్యంగా చల్లబడుతుంది. కొలతకూ కొలతకూ మధ్య సాయంగా సరే, ఒంటరిగా నమ్మను.

చంద్రుడు, గురుడు తీసేవాళ్లకు వీ గ్రాఫ్ పనికిరాదు, అక్కడ చుక్కలే ఉండవు. అంచుల పదును కొలిచే పద్ధతులున్నాయి కానీ గాలి ఊగే రాత్రి అవి తికమకపడతాయి. గురుడి ఉపగ్రహాన్ని చూస్తూ మోటారు మీటలతో చేత్తోనే పెట్టుకోండి. కెమెరాలోని సొంత ఆటోఫోకస్ టెలిస్కోప్ మీద పని చేయదు. కదపడానికి దానికి లెన్స్ మోటారే ఉండదు.

డబ్బు విషయానికి వస్తే, మోటారుకు మంచి ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) ఒకటి కొన్నంత ఖర్చు. రాత్రికి గంట, గంటన్నర మాత్రమే తీసి ఇంటికి వచ్చేసేవాళ్లు, కన్ను వేసి చూడటమే ఇష్టమున్నవాళ్లు దాన్ని కొనకండి, మాస్క్ చాలు. నాలుగు గంటలకు మించి తీసేవాళ్లు కొత్త కెమెరా కంటే ముందు ఇది కొనండి. ఫోకసర్ వదులుగా ఊగుతుంటే అంతకంటే ముందు దాన్ని బాగుచేయించండి, వంగే గొట్టాన్ని ఏ మోటారూ నిలబెట్టలేదు.

ట్రైపాడ్ మీద మామూలు లెన్స్‌తో పాలపుంత తీసే ముగ్గురు నలుగురు కూడా అడిగారు. మీకు ఇవేవీ అక్కర్లేదు. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మకండి. లుబ్ధకుడినో స్వాతినో తెర మీద పదిరెట్లు పెద్దది చేసి, చుక్క అన్నిటికన్నా చిన్నగా కనబడేదాకా రింగు తిప్పి, దాన్ని టేపుతో బిగించండి. తెల్లవారుజామున చలి పెరిగాక ఆ టేపు ఒకసారి విప్పి, మళ్లీ చూసుకోండి.