బీఏఎస్ఎఫ్ మాటా, డౌ మాటా: ఎవరి లెక్క నమ్మొచ్చు?

ఎమ్మెస్ అప్లికేషన్ల సీజన్ వచ్చిందంటే మా కెమికల్ ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు స్టాఫ్ రూమ్‌కి వచ్చి ఎస్‌వోపీ, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం, గురించి ఒకటే అడుగుతారు. "సార్, ఎస్‌వోపీలో నెట్ జీరో గురించి రాయాలి, బీఏఎస్ఎఫ్‌ని పెట్టమంటారా, డౌని పెట్టమంటారా?" బీఏఎస్ఎఫ్ జర్మనీ కెమికల్ కంపెనీ, డౌ అమెరికాది. నెట్ జీరో అంటే వదిలే కార్బన్‌ని బాగా తగ్గించి, మిగిలినదాన్ని తీసేసి లెక్క సున్నాకి తేవడం. జర్మనీ వెళ్లేవాడు మొదటిది, అమెరికా వెళ్లేవాడు రెండోది రాసేసుకుంటే నాకు పనే ఉండదు. మొన్న ఒకమ్మాయి మాత్రం, "అది కాదు సార్, నిజంగా ఎవరి లక్ష్యం గట్టిది?" అంది.

ముందు 2050ని పక్కన పడేయండి. బీఏఎస్ఎఫ్ అప్పటికి నెట్ జీరో అంటోంది, డౌ కార్బన్ న్యూట్రల్ అంటోంది. ఆ రోజుకి ఇప్పటి సీఈవోలెవరూ ఆ కుర్చీల్లో ఉండరు, నేనూ రిటైరై మనవలతో కాలక్షేపం చేస్తుంటాను. చూడాల్సిందల్లా 2030లో చిమ్నీలోంచి ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని ఒప్పుకున్నారన్నదే.

బీఏఎస్ఎఫ్ 2021 మార్చిలో చెప్పిన మాట ఇది: 2018లో 2.19 కోట్ల టన్నులు, దాన్ని 2030 కల్లా 25 శాతం తగ్గించి 1.64 కోట్లకి తెస్తాం. స్కోప్ 1 (సొంత ప్లాంట్లలోంచి వచ్చేది), స్కోప్ 2 (కొన్న కరెంటు, ఆవిరి వల్ల వచ్చేది) కలిపి. చైనాలో జాన్‌జియాంగ్ దగ్గర అంత పెద్ద కాంప్లెక్స్ కడుతూ కూడా, "కొత్త ప్లాంటు వచ్చింది కాబట్టి పెరిగింది" అని తప్పించుకునే దారి లేకుండా మొత్తం టన్నుల్లో చెప్పింది. నాకు నచ్చింది అదే.

డౌ 2020 జూన్‌లో చెప్పింది: 2030కి ఏడాదికి 50 లక్షల టన్నులు తగ్గిస్తాం, అంటే 2020 మీద 15 శాతం. ఇదీ మొత్తం టన్నుల లెక్కే, కాదనను. 2050 లక్ష్యంలో స్కోప్ 3ని, అంటే ముడిసరుకు అమ్మేవాళ్ల దగ్గరా, సరుకు వాడేవాళ్ల దగ్గరా వచ్చేదాన్ని కూడా కలిపింది, అదీ మంచిదే. కానీ దాంతోపాటు "మా ఉత్పత్తుల వల్ల కలిగే ప్రయోజనం" కూడా లెక్కలో వేసుకుంటానంది. మా ఫోమ్ వేసిన ఇంట్లో ఏసీ కరెంటు ఆదా అయింది కదా అని. పక్కింటాయన మిగుల్చుకున్న డబ్బు చూపించి నా అప్పు తగ్గించమని బ్యాంకులో అడిగినట్టుంది నాకు. అలాగని బీఏఎస్ఎఫ్ స్కోప్ 3 గొప్పగా ఏమీ లేదు. కొనే ముడిసరుకు మీద 2022తో పోల్చి 15 శాతం, అదీ కిలోకి ఇంత అని. ఎక్కువ కొంటే మొత్తం పెరగొచ్చు.

ఇంతకీ బీఏఎస్ఎఫ్ 2024లో చూపించిన 1.7 కోట్ల టన్నులంటే ఎంత? మన ఇబ్రహీంపట్నం వీటీపీఎస్ థర్మల్ స్టేషన్ 2560 మెగావాట్లు. ఏడాదంతా ముప్పావు లోడ్ మీద నడిచిందనుకుంటే 1680 కోట్ల యూనిట్లు, బొగ్గు కరెంటు యూనిట్‌కి కిలో అటూ ఇటూ కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే దాదాపు అంతే వస్తుంది. ప్రపంచమంతా ప్లాంట్లున్న కంపెనీ మొత్తం ఒక ఎత్తు, మన కృష్ణ ఒడ్డున ఉన్న ఒక్క స్టేషన్ ఒక ఎత్తు. క్లాసులో ఈ లెక్క చేయిస్తే పిల్లలు నమ్మక రెండోసారి కాలిక్యులేటర్ నొక్కుతారు.

ఇప్పుడు అసలు సంగతి. టన్నులు ఎలా తగ్గాయి? బీఏఎస్ఎఫ్ 2023లో 1.69 కోట్లు, 2024లో 1.70 కోట్లు చూపించింది. చూడ్డానికి పరీక్షకి ముందే పాసైనట్టుంది. కానీ రష్యా గ్యాస్ దెబ్బకి రేట్లు మండిపోయి, గిరాకీ పడిపోయి ఉత్పత్తే తగ్గింది. 2023 ఫిబ్రవరిలో లుడ్విగ్స్‌హాఫెన్‌లోని రెండు అమ్మోనియా ప్లాంట్లలో ఒకటి మూసేస్తామని కూడా ప్రకటించింది. 1913లో ఆ పక్కనే ఓపావులోనే ప్రపంచంలో మొదటిసారి గాల్లోని నైట్రోజన్‌కి హైడ్రోజన్ కలిపే హేబర్-బాష్ పద్ధతిలో అమ్మోనియా ఫ్యాక్టరీ పెట్టి నడిపిన కంపెనీ ఇది! గ్యాస్‌తో టన్ను అమ్మోనియా చేస్తే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్లాంటు మూస్తే ఆ టన్నులు పుస్తకంలోంచి పోతాయి, అమ్మోనియా మాత్రం ఇంకెక్కడో ఇంకెవరో చేస్తారు.

పద్ధతి మార్చి తగ్గించడం వేరు. నాఫ్తా లాంటివాటిని విరగ్గొట్టి ప్లాస్టిక్ ముడిసరుకు చేసే 850 డిగ్రీల స్టీమ్ క్రాకర్‌ని గ్యాస్ బదులు కరెంటుతో వేడి చేసే ఫర్నేస్‌ని బీఏఎస్ఎఫ్, శాబిక్, లిండే కంపెనీలతో కలిసి 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. 6 మెగావాట్లే, చిన్నది, కానీ నడిచే వస్తువు. డౌ ప్లాన్ దీనికంటే చాలా పెద్దది: కెనడాలో ఫోర్ట్ సస్కాచ్వాన్ దగ్గర హైడ్రోజన్ మండించి, కార్బన్ పట్టి భూమిలో దాచే నెట్ జీరో క్రాకర్. అది పూర్తయ్యుంటే ఈ వ్యాసం తిరగేసి రాసేవాణ్ని. 2025 ఏప్రిల్‌లో మార్కెట్ బాగాలేదని పనులు వాయిదా వేశారు.

రిలయన్స్ అయితే 2035 కల్లా నెట్ జీరో అంది. మన దేశం కంపెనీ ఒకటి ఉంటే బాగుంటుందనుకునేవాళ్లు ఒక వాక్యం రాసుకోండి, చాలు.

ఆ అమ్మాయికి బీఏఎస్ఎఫ్ మీదే రాయమన్నాను. "అమ్మోనియా ప్లాంటు మూసింది కూడా రాయాలా సార్? నెగటివ్‌గా ఉండదా?" అంది. రాయమ్మా, అప్లికేషన్ చదివే ప్రొఫెసర్లకి ఆ సంగతి నీకంటే ముందే తెలుసు అన్నాను.